నిమిషాల పద్దు

ఆ పుస్తకంలో ఉన్నది నా చేతిరాతే.
నీలి అట్ట, అంచుల్లో నూనె మరకలు,
ఎడమపక్క పేర్లు, కుడిపక్క నిమిషాలు.
మటోజిన్యూష్ రేవు దగ్గర
సార్డీన్ చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ మాది.
ఎవరు ఎప్పుడు బల్ల వదిలి లేచారో,
ఎప్పుడు తిరిగొచ్చారో రాయడం నా ఉద్యోగం.

ఇల్దా ఫ్రగోజుది ఏడో బల్ల, కిటికీ పక్కన.
ఇరవై రెండేళ్లు చేపల తలలు కోసింది.
డబ్బాకి ఐదు, ఒకటి అటు ఒకటి ఇటు,
ఇరుకు మంచంలో అక్కచెల్లెళ్లు సర్దుకున్నట్టు.
ఆమె పేర్చిన డబ్బాని
ఎవరూ రెండోసారి చూసేవాళ్లు కాదు.

నలభై ఒకటో ఏట పేగులు తిరగబడ్డాయి.
డాక్టరు దానికో పేరు చెప్పాడు, క్రోన్స్ అని,
తగ్గేది కాదని కూడా చెప్పాడు.
"నా ఒంటికి నేనే పరాయిదాన్నయ్యానట"
అంది చేతులు కడుక్కుంటూ.
ఎంత కడిగినా చేపవాసన పోని చేతులు.

మొదట్లో నేను రాయలేదు.
తర్వాత పదకొండైనా ఆరని రాశాను.
తర్వాత సూపర్‌వైజర్ ఆర్లిందు
నా బల్ల ఎదురుగా గోడకి గడియారం పెట్టించాడు.
అప్పట్నించి పదకొండంటే పదకొండే.

పొద్దున కాస్త గంజి, మధ్యాహ్నం ఏమీ లేదు.
లోపల ఏమీ పడకపోతే ఏమీ కదలదని ఆమె లెక్క.
పేగులకి లెక్కలు రావు.

ఆగస్టులో ఒకరోజు
లారీ వెనక లారీ, వెండిరంగు గుట్టలు,
బెల్టు ఆగకూడదన్నారు.
ఇల్దా లేవలేదు.
మోకాళ్లు దగ్గరికి నొక్కిపెట్టి
ఆఖరి బుట్ట దాకా నిలబడే కోసింది.
నేను తలెత్తేసరికి
ఆమె తెల్ల బూటు తెల్లగా లేదు.
అందరి కళ్లూ చేపల మీదే.
దొరోతెయా తన ఏప్రన్ విప్పి
ఆమె నడుముకి వెనకనించి కట్టింది,
ఒక్క మాటా అనకుండా.

ఆ రోజు పుస్తకంలో ఆమె పేరుకెదురుగా సున్నా.
కాగితం మీద చూస్తే
ఆ నెలంతటికీ అదే మంచి రోజు.

సెప్టెంబరులో పిలిచారు.
బల్ల మీద నా పుస్తకం.
మూడు నెలలకి పదహారు గంటల నలభై నిమిషాలు,
కూడింది నేనే, రెండుసార్లు సరిచూసింది నేనే.
ఉత్తరంలో రోగం అన్న మాట ఎక్కడా లేదు.
పని వేగానికి తగకపోవడం, అని ఉంది.
చివర్లో ఆరోగ్యం జాగ్రత్త అని కూడా ఉంది.

ఇల్దా రెండుసార్లు చదివి మడతపెట్టింది.
"ఎవరో వచ్చి పొట్ట కొడతారంటారు.
నా పొట్ట నా పొట్టే కొట్టింది"
అని, మేం నవ్వుతామేమోనని కాసేపు చూసింది.
ఎవరం నవ్వలేదు.
నా జేబులో పెన్ను క్లిప్పు గుచ్చుకుంటోంది,
అది తీసి బల్ల మీద పెట్టడానికి కూడా
చెయ్యి రాలేదు.

ఏడో బల్ల దగ్గర ఇప్పుడొక పిల్ల,
గట్టి కడుపు, గట్టి వేళ్లు.
చేపల్ని అన్నీ ఒకే వైపు పెడుతుంది.

మొన్న జూన్‌లో, సాంజువాఁవ్ పండుగ సాయంత్రం,
సందుసందునా బొగ్గుల మీద సార్డీన్ల పొగ,
ట్రామ్ స్టాపు దగ్గర ఇల్దా కనిపించింది. చిక్కిపోయింది.
ఈ ఊళ్లో ఏ కాఫీ కొట్టు తలుపుకి గడియ ఉందో,
ఎవరు ఏమీ కొనకపోయినా తాళం ఇస్తారో
ఆమెకి కంఠతా వచ్చు.
అలాంటి కొట్టుకే తీసుకెళ్లింది.
కూర్చున్న కాసేపటికే లేచి లోపలికి వెళ్లింది.

నేను గోడవైపు చూడకూడదనుకున్నాను.

తిరిగొచ్చి కుర్చీ లాక్కుంటూ
"ఎన్ని?" అంది.
"చూడలేదు" అన్నాను.
తొమ్మిది.

"నీకు అబద్ధం రాదు," అంది
చామంతి టీలో చెంచా తిప్పుతూ.
"ఆరని రాసిన రోజుల్లో
ఎలా వచ్చిందో మరి."